పద్దెనిమిది అడుగుల వీధి దాటుటకు అనుమతి కోరుతూ

త్రిపురాంతకం,
తేది: 05-02-2025.

మార్కాపురం రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

త్రిపురాంతకం గ్రామ కాపురస్తుడు, స్థానిక తహసీల్దారు కార్యాలయము ఎదుట రేకుల పంచ కింద కూర్చుని అర్జీలు రాసి జీవనము సాగించు దార్ల ఏబేలు, వయస్సు 59 సంవత్సరములు, స్వదస్తూరితో రాసి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: అర్జీదారుని శరీరమునందు రేడియోధార్మికత మిగిలి లేదని ధ్రువీకరణ పత్రము ఇప్పించుట, మరియు నిండు గర్భిణి అయిన అర్జీదారుని కుమార్తె ప్రస్తుతము ఉంటున్న ఎదురింటికి, పద్దెనిమిది అడుగుల వీధి దాటి పోవుటకు అనుమతి ఇప్పించుట గురించి.

సూచిక: 1) గుంటూరు ఆసుపత్రి వారు ఇచ్చిన పసుపురంగు కార్డు. 2) సదరు ఆసుపత్రి ఉద్యోగిని శ్రీమతి నాగమల్లేశ్వరి గారితో జరిపిన ఫోను సంభాషణ. 3) ఒక పలక (ప్రస్తుతము ఖాళీ).

1. నేను ఇరవై ఏడు సంవత్సరములుగా ఇతరుల అర్జీలు రాసియున్నాను. పాసు పుస్తకములో తండ్రి పేరు తప్పు పడినవారికి, బతికి ఉండగానే రేషను కార్డులో చనిపోయినట్లు నమోదైనవారికి, బోరు ఎండినవారికి, అందరికీ రాసినాను. నా పేరు మీద నేను రాసుకొనుట ఇదే మొదటిసారి. కావున ఎక్కడైనా చేయి తడబడినట్లు కనపడిన యెడల మన్నించగలరు.

ఈ విషయము తమ పరిధిలోనికి రాదని నాకు తెలియును. ఏ అర్జీ ఎవరి పరిధిలోనిదో చెప్పి బతికినవాడిని. ఇది వైద్యశాఖ వారిది కాదు, ఎందుకనగా నాకు జబ్బు నయమైనది. పంచాయతీ వారిది కాదు, ఎందుకనగా వీధి బాగానే ఉన్నది, మొన్ననే సిమెంటు వేసినారు. ఎవరి పరిధిలోనికీ రాని సంగతులు చివరకు తమ ఆఫీసుకే చేరునని అనుభవముతో ఎరిగి, తమకు రాయుచున్నాను.

2. గత సంవత్సరము వేసవిలో నా మెడలో గడ్డ లేచినది. పరీక్ష చేయించగా థైరాయిడ్ కాన్సరు అన్నారు. గుంటూరులో ఆపరేషను చేసి సదరు గ్రంథిని తీసివేసినారు. పిమ్మట, ఎక్కడైనా కంటికి కనపడని ముక్కలు మిగిలి ఉంటే వాటిని కాల్చవలెనని, 10-06-2024 తేదీన అయోడిన్ 131 అనే మందు గొట్టము (కాప్స్యూలు) ఒకటి నా చేత మింగించినారు. అది సీసముతో చేసిన డబ్బాలో వచ్చినది. తెచ్చినవారు దానిని చేత్తో ముట్టలేదు. నన్ను మాత్రము నోట్లో వేసుకొమ్మన్నారు.

తదుపరి మూడు దినములు ఒక గదిలో ఒక్కడినే ఉంచినారు. అన్నము తలుపు దగ్గర స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయేవారు. రేడియేషను చూసుకొను ఉద్యోగిని శ్రీమతి నాగమల్లేశ్వరి గారు పూటకొకసారి గుమ్మములో నిలబడి ఒక మీటరు నా వైపు చూపించేవారు. అది టిక్కుటిక్కుమని కొట్టుకొనేది. ఆమెది గిద్దలూరు. నా మాట విని మనవాళ్ళేనని గుర్తుపట్టి, "పెదనాయనా, నీళ్ళు బాగా తాగాల. ఎంత తాగితే అంత బయటికి పోతాది" అని పీక్కుతినేది. గోడలను చూస్తూ కూర్చునుట చేతగాక ఆమెను ప్రశ్నలు అడిగినాను. ఆమె గుమ్మము అవతల నుండి ఓపికగా చెప్పినది. ఆమె చెప్పినది తమకు తెలియపరచనిదే నా మిగతా అర్జీ అర్థము కాదు.

3. అయోడిన్ అనేది కొత్త వస్తువు కాదు. మనము వాడే ఉప్పు పాకెట్టులో ఉన్నదే. ప్రతి మూలకానికీ ఇంటి నెంబరు వంటి నెంబరు ఒకటి ఉండును. పరమాణువు నడిబొడ్డున ప్రోటాన్లు ఎన్ని ఉంటే అది ఆ నెంబరు. అయోడిన్ ఇంటి నెంబరు 53. ఆ 53 ప్రోటాన్లతోపాటు న్యూట్రాన్లు అనేవారు కూడా ఆ ఇంట్లోనే కాపురము ఉందురు. ఉప్పులోని అయోడినుకు వారు 74 మంది, మొత్తము 127. నేను మింగినదానికి 78 మంది, మొత్తము 131. ఇంటి నెంబరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, లోపల నలుగురు ఎక్కువ. ఇట్టి వారిని ఐసోటోపులు అందురు.

ఆ నలుగురు ఎక్కువైనందున ఆ ఇంట్లో నెమ్మది ఉండదు. ఎప్పుడో ఒకప్పుడు ఒక న్యూట్రాను ప్రోటానుగా మారును. మారునప్పుడు ఒక ఎలక్ట్రానును బయటికి విసరును, దాని వెంబడి కొంత కిరణము పోవును. దీనినే రేడియోధార్మికత అందురు. అప్పుడు ఇంటి నెంబరు 54 అగును. అనగా అయోడిన్ ఇక అయోడిన్ కాదు, జెనాన్ అనే గాలి అయి ఎవరినీ ఏమీ అనక వెళ్ళిపోవును. మన థైరాయిడు కణములు ఎక్కడున్నా అయోడినును లాగుకొనును గనుక, అవి ఈ మందును కూడా లాగుకొని, అది విసిరిన దెబ్బకు చచ్చును. నా జబ్బు నయమైన విధము ఇది.

4. ఇది ఎక్కడ తయారగునని అడిగినాను. అణు రియాక్టరులో అన్నది. యురేనియము పరమాణువును ఒక న్యూట్రాను పోయి తాకితే అది రెండుగా పగులును. పగిలినప్పుడు వేడి పుట్టును, మరి రెండు మూడు న్యూట్రాన్లు బయటపడును. అవి పోయి మరి రెండు మూడు పరమాణువులను పగులగొట్టును. ఆ వేడితో నీళ్ళు కాచి, ఆవిరితో చక్రము తిప్పి, కరెంటు తీయుదురు. పగిలిన ముక్కలలో అయోడిన్ 131 కూడా ఉండును.

నాకు ఇది వెంటనే అర్థమైనది. సోమవారము గ్రీవెన్సులో ఒక అర్జీ పడితే దాని నుండి మూడు మెమోలు మూడు ఆఫీసులకు పోవును, ఒక్కొక్క ఆఫీసు నుండి మరి మూడు. అన్నీ అట్లే పోనిస్తే జిల్లా అంతా కాగితములతో నిండవలెను. నిండుట లేదు, ఎందుకనగా ప్రతి ఆఫీసులోనూ కాగితమును తీసుకొని కదలనీయక దగ్గర పెట్టుకొను ఉద్యోగి ఒకరు ఉందురు. రియాక్టరులో కూడా అట్టి కడ్డీలు ఉండునని, న్యూట్రాన్లను మింగి కూర్చుండునని, అవి లేకపోతే ప్రమాదమని ఆమె చెప్పినది. అప్పటినుండి నాకు సదరు ఉద్యోగుల మీద కోపము తగ్గినది.

5. ఇక తప్పు ఎక్కడ జరిగినదో మనవి చేయుచున్నాను. ఆ తప్పు నాదే.

అయోడిన్ 131కు ఎనిమిది దినములకు సగము పోవును. దీనిని అర్ధాయువు అందురు. మరి ఎనిమిది దినములకు మిగిలిన సగములో సగము. మరి ఎనిమిదికి అందులో సగము. ఆసుపత్రి వారు నన్ను పంపునప్పుడు పసుపు కార్డులో, నెల దినములు విడిగా పడుకొనవలెననియు, చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరముగా ఉండవలెననియు రాసినారు. నేను ఇంటికి రాగానే మార్కాపురము పలక ఒకటి గోడకు తగిలించి, దాని మీద 1 అని వేసి, ఎనిమిది దినములకొకసారి తుడిచి సగము రాయుట మొదలుపెట్టినాను. రెండింట ఒకటి. నాలుగింట ఒకటి. ఎనిమిదింట ఒకటి. నా గేటు ముందర సుద్దముక్కతో గీత గీసి, అది దాటి ఎవరూ రావద్దన్నాను.

చూడవచ్చినవారు సహజముగా ఒకటే అడిగినారు. "ఎప్పటికి పూర్తిగా పోతాది?" అని. పురుడైనా, మైలైనా పదకొండో దినమునకు స్నానముతో తీరును. మావాళ్ళలో ప్రార్థనతో తీరును. దేనికైనా ఒక దినము ఉండును. నేను ఉన్నమాట చెప్పవలెనని, పలక చూపించి, "సగంలో సగం పోతానే ఉంటాది గానీ, సున్నా మాత్రం ఎప్పటికీ కాదు" అని చెప్పినాను. ఒకరికి కాదు, వచ్చిన ప్రతివారికీ చెప్పినాను. బాగా అర్థమగునట్లు చెప్పినాను. అర్థమగునట్లు చెప్పుట నా వృత్తి.

6. దరిమిలా జరిగినవి:

తహసీల్దారు ఆఫీసు ముందర నా పక్కన కూర్చుని రాయు గోవిందయ్య తన బల్లను పంచ అవతలి మూలకు జరుపుకొన్నాడు. నా వద్దకు అర్జీలకు వచ్చేవారు నా పెన్నుతో సంతకము పెట్టక, పక్కన ఎవరినో పెన్ను అడిగి తెచ్చుకొనసాగినారు. తరువాత రావడమే మానినారు.

మా చర్చిలో మొదటి ఆదివారము ద్రాక్షారసము గిన్నె ఒకటే చేయి మారుతూ పోవును. నాకు ఒక స్టీలు గ్లాసు విడిగా తెచ్చి పెట్టినారు. తెచ్చిన సంఘ పెద్ద దానిని నా ముందర పెట్టి చేయి వెనక్కి తీసుకొన్నాడు. నేను దానిలో తాగి, కడిగి, నా సంచిలో వేసుకొని వచ్చినాను. ఆ గ్లాసు ఇంట్లో ఉన్నది.

ఇంతవరకు చదివి తమరు వీరందరికీ తాఖీదులు పంపవలెనని తలచెదరేమో. దయచేసి పంపవద్దు. అర్జీలో సగము నిజమే రాయమన్నవారిని ఎందరినో నేను తిట్టి పంపినాను. కావున మిగతా సగము ఇక్కడ రాయుచున్నాను. నాలుగు నెలలు తిరగకముందే గోవిందయ్య తన బల్లను మరల పక్కకు తెచ్చి వేసినాడు. "ఏంది అన్నా, ఇంగ చాల్లే. నీ పక్కన కూసోని కూసోని అలవాటైంది, ఆడ పొద్దు పోవడంలా" అన్నాడు. అప్పుడు నేను లేచి నా బల్లను అవతలి మూలకు జరుపుకొన్నాను. పండుగ నెలలో సంఘ పెద్ద గిన్నె నాకే ముందు అందించినాడు. నేను తల అడ్డముగా ఊపి సంచిలోనుండి ఆ గ్లాసు తీసినాను.

వారికి భయము పోయినది. నాకు పోలేదు. నా ఫిర్యాదు అది.

7. నాకు ఒక్కతే కూతురు, దయామణి. దొనకొండలో ఇచ్చినాము. అల్లుడు జాషువా మోటారు మెకానిక్కు, మంచివాడు. దయామణికి ముందు మాకు ఇద్దరు పుట్టి నిలవలేదు. ఒకరు ఏడు దినములు, ఒకరు రెండు దినములు. నా భార్య కృపారాణి ఆ ఇద్దరి పేర్లు కూడా బైబిలు వెనక అట్టలో రాసి పెట్టినది. ఆమె చనిపోయి ఆరు సంవత్సరములు.

నేను మందు మింగిన వారములోనే దయామణికి నెల తప్పినదని ఫోను వచ్చినది. ఆ దినము నేను సంతోషపడలేదు, అయ్యా. దినములు లెక్కబెట్టుకొన్నాను. అప్పటినుండి నేను దొనకొండ పోలేదు, ఆమెను రానీయలేదు. వీడియోలో చూసుకొనుటే.

ఆడపిల్లకు తొలి కాన్పు పుట్టింట్లో చేయుట మన ఆచారము. తల్లి లేని పిల్ల కదా, ఇక్కడే ఉంచుకొందుమని వియ్యపురాలు పెద్ద మనసుతో అన్నది. దయామణి వినలేదు. 18-01-2025 తేదీన, తొమ్మిదో నెల పెట్టగానే, నాకు చెప్పకుండా బస్సెక్కి వచ్చి నా గేటు ముందర ఆటో దిగినది. చేతిలో సంచి, ఎండకు ఎర్రబడిన మొగము.

"నాయనా, వచ్చినా" అన్నది.

నేను గీతకు ఇవతల నిలబడి, "ఆడనే ఆగు" అన్నాను.

ఆగినది. పలక ప్రకారము ఇంత మిగిలియున్నదని, కార్డులో గర్భిణులని స్పష్టముగా రాసియున్నదని, తిరిగి పొమ్మని చెప్పినాను. ఆటో డ్రైవరు బండి ఆపుకొని వింటున్నాడు. "నెల దినాలని గదా నాయనా రాసింది, ఏడు నెలలాయె" అన్నది. నెల అని రాసినారు గానీ, నెల తరువాత దగ్గరికి రావచ్చునని రాయలేదు అన్నాను. నిజముగా ఆ మాటే అన్నాను. ఇరవై ఏడు సంవత్సరములు ఆఫీసుల ముందర కూర్చున్న నోరు ఇది.

ఎదురింటి కాశమ్మ గొర్రెలకు నీళ్ళు పెట్టుచున్నది. బక్కెట్టు కింద పెట్టి వచ్చి దయామణి చేతిలోని సంచి తీసుకొని, "రామ్మా, మీ నాయనకు బుద్ధి వచ్చేదాంక మా ఇంట్లో ఉందువు" అని పిలుచుకొని పోయినది. కాశమ్మ మాకు చుట్టము కాదు, మా మతము కాదు. వీధికి అటు ఇటు ముప్పై సంవత్సరములు ఉన్నాము, అంతే.

నేటికి పద్దెనిమిది దినములు. నా కూతురు వీధి అవతల ఉన్నది. సాయంత్రము చల్లబడినాక నడుము మీద చేయి పెట్టుకొని ఆ వాకిట్లో అటు ఇటు నడుచును. నేను కిటికీ రెక్క సగము వేసి చూచుచుందును. నేను చూచుచున్నానని ఆమెకు తెలియును. నడక ఆపి ఒకసారి ఇటు తిరిగి, మరల నడుచును. రాత్రి నేను లైటు తీసేవరకు ఆ ఇంట్లో లైటు తీయరు.

ఒంటరిగా ఉన్నాను, అయ్యా. ఈ మాట అర్జీలో రాయవద్దని అందరికీ నేనే చెప్పుదును. రాస్తే దాని మీద ఏ చర్య తీసుకొనవలెనో అధికారులకు తెలియక కాగితము పక్కన పెట్టుదురని. అయినను రాయుచున్నాను. ఉన్నమాట.

8. గత సోమవారము శ్రీమతి నాగమల్లేశ్వరి గారికి ఫోను చేసినాను. ఆమె మొదట గుర్తుపట్టలేదు. నీళ్ళు తాగని పెదనాయన అని చెప్పగా గుర్తుపట్టినది. లెక్క అంతా చెప్పినాను. ఫిబ్రవరి 5కు రెండు వందల నలభై దినములు, అనగా ముప్పై సగములు. నూట ఏడు కోట్లలో ఒక వంతు ఇంకను మిగిలియుండునని చెప్పినాను. ఆమె అంతా విన్నది. తరువాత చెప్పినది ఉన్నదున్నట్లు రాయుచున్నాను.

"పెదనాయనా, పలక మీదైతే ఎంతవరకైనా సగం చేసుకుంటా పోవచ్చు. లోపల అట్ల కాదు. అర పరమాణువు అని ఉండదు గదా. ఉంటే ఒకటి, లేకుంటే లేదు. ఆఖరుది గూడా ఒక దినం పోతాది. అదిగాక, మందులో శానా బాగం మొదటి రెండు మూడు దినాల్లోనే నీళ్ళతోపాటు బయటికి పోయింది. అందుకే గదా నీళ్ళు తాగమని నీ వెంటపడింది. నువ్వు ఇంటికి పోయేనాటికే నీ లెక్క తప్పు."

"అయితే సున్నా అంటావా?" అన్నాను.

"సున్నా ఎవురికీ లేదు. మనం తినే కందిపప్పులో, అరటిపండులో పొటాషియం ఉంటాది, దాంట్లో రవ్వంత రేడియోధార్మికతది ఉంటాది. నా ఒంట్లో ఉంది, నీ కూతురు ఒంట్లో ఉంది, పుట్టబొయ్యే బిడ్డ ఒంట్లోనూ ఉంటాది. సెకనుకు వేలల్లో టిక్కుటిక్కుమంటానే ఉంటాం అందరం. నువ్వూ అంతే. ఇప్పుడు నీకు ఎక్కువేం లేదు. పో, పోయి కూతురిని చూసుకో పెదనాయనా."

ఈ మాట కాగితము మీద రాసి, స్టాంపు వేసి పంపమని కోరినాను. కార్డులో గడువు రాసినామని, గడువు దాటితే వేరే కాగితము ఇచ్చు పద్ధతి లేదని, ఎవరూ ఇంతవరకు అడగలేదని చెప్పినది. ఆమె తప్పు లేదు. లేనిదాన్ని లేదని రాసిచ్చుట కష్టమని నాకు కూడా తెలియును. కానీ అయ్యా, ఎదురుగా నిలబడి మాట్లాడుచున్న మనిషిని బతికియున్నట్లు కాగితము తెమ్మని నేనే ఎన్నిసార్లు పంపినానో లెక్క లేదు. నోటిమాట చెల్లదని అందరికీ చెప్పి చెప్పి, ఇప్పుడు నాకే నోటిమాట చెల్లుట లేదు.

9. నిన్న కాశమ్మ గీత దాటి నా ఇంట్లోకి వచ్చినది. గీత విషయము కూడా మనవి చేయవలెను. ఆమె గొర్రెలు దినమూ పొద్దున మేతకు పోవుచు దానిని తొక్కి చెరుపును. నేను దినమూ అవి పోయిన తరువాత మరల గీయుదును. ఏడు నెలలుగా ఇదే పని. నిన్న ఆమె రాగిసంకటి గిన్నె బల్ల మీద పెట్టి, గోడ మీది పలక చూసి, "ఏంది అబ్బా ఈ లెక్క? గింజలా గొర్రెలా?" అన్నది. చెప్పబోయినాను. "నాకు వద్దు నాయనా నీ పాఠం" అని, కొంగుతో ఆ పలక శుభ్రముగా తుడిచివేసినది.

నేను కేకలు వేసినాను. ఏడు నెలల లెక్క అన్నాను. ఆమె వినుచు నిలబడి, నేను ఆగిన తరువాత చెప్పినది. "నువ్వు ఆ పిల్లను రానియ్యనప్పుడు ఏడ్సలా, గట్టిగా ఉండాది. మొన్న రాత్రి ఏడ్సినాది. బిడ్డ కదిలితే చెయ్యి పెట్టి చూపించేదానికి అమ్మ లేదు, నాయన ఉండీ లేడు అని. నేను పెట్టినాలే చెయ్యి. కాల్తో తన్నినాది." ఇంత చెప్పి, గిన్నె అక్కడే వదిలి వెళ్ళినది.

ఆ పలక మీద ఇప్పుడు ఏమీ లేదు. మరల రాయుటకు సుద్దముక్క చేతిలోకి తీసుకొని, రాయలేక, ఈ అర్జీ మొదలుపెట్టినాను.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

అ) అర్జీదారుని శరీరమునందు రేడియోధార్మికత ఏమీ లేదని గాక, ఇతరులకంటె ఎక్కువ లేదని ధ్రువీకరణ పత్రము ఇప్పించవలెను. మొదటి విధముగా రాసిచ్చుట ఎవరికీ సాధ్యము కాదని, తమకు కూడా సాధ్యము కాదని పై 8వ పేరాలో మనవి చేసియున్నాను.

ఆ) అట్టి పత్రమునకు నమూనా లేని యెడల, త్రిపురాంతకం గ్రామములో సదరు సిమెంటు వీధిని పడమర నుండి తూర్పునకు దాటి, కాశమ్మ గారి వాకిట్లోనికి పోవలసినదిగా అర్జీదారుని ఆదేశించుచు ఒక ఉత్తర్వు ఇప్పించవలెను. అనుమతి చాలదు. అనుమతి ఇస్తే నేను పోనని భయముగా ఉన్నది. ఉత్తర్వు అయితే పోవుదును. ఇంతవరకు ఏ ఉత్తర్వునూ ధిక్కరించినవాడిని కాను.

ఇ) డాక్టరు చెప్పిన తేదీ ఈ నెల 20. ఇందుకు సంబంధించిన కాగితము అంతకు ముందే నాకు చేరునట్లు చూడవలెను. సాధారణముగా ఎన్నాళ్ళు పట్టునో నాకు తెలిసియే ఈ మాట అడుగుచున్నాను.

ఇరవై ఏడు సంవత్సరములలో తమ ఆఫీసుకు నేను రాసి పంపిన అర్జీలు వేలలో ఉండును. వాటన్నిటి కింద ఇతరుల సంతకములు, వేలిముద్రలు ఉన్నవి. ఈ ఒక్కదాని కింద నాది ఉన్నదని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
దార్ల ఏబేలు (సంతకము)

తాజా కలము: తేది 06-02-2025, ఉదయము.

అయ్యా, పై అర్జీని నిన్న రాత్రి కవరులో పెట్టి, అంటించక ఉంచి, పొద్దున పది గంటల పోస్టుకు వేయవలెనని అనుకొన్నాను. గొర్రెలు పోయిన తరువాత యథావిధిగా గీత గీయుటకు సుద్దముక్క తీసుకొని బయటికి వచ్చినాను.

గీత ఉండవలసిన చోట ఒక పీట వేసియున్నది. జానెడెత్తు పీట, కాశమ్మ పొయ్యి దగ్గర కూర్చుండునది. దాని మీద దయామణి కూర్చునియున్నది. ఎదురింటి గడపలో కాశమ్మ పళ్ళు తోముకొంటూ ఇటు చూడనట్లు నిలబడియున్నది.

"లెయ్ మా, ఆ ఇంట్లోకి పో" అన్నాను.

"ఎట్ల లేసేది నాయనా? కూసున్నా గానీ లెయ్యలేకుండా ఉండా. ఈ పొట్టతో ఇంత కిందికి కూసోగూడదని తెలీలా. చెయ్యియ్యి" అన్నది.

కాశమ్మను పిలిచినాను. వినపడనట్లు లోపలికి పోయినది.

"నాయనా, కాళ్ళు తిమ్మిరెక్కుతుండాయి" అన్నది.

నా చేతిలో సుద్దముక్క ఉన్నది. దానిని కింద పడవేసినాను. చేయి ఇచ్చినాను. రెండు చేతులూ ఇచ్చినాను, ఒక చేత్తో లేచు బరువు కాదు. లేచి నిలబడి నా చేయి వదలలేదు. తీసుకొని పొట్ట మీద పెట్టుకొన్నది. కొంచెము సేపు ఏమీ లేదు. తరువాత తన్నినాడో, తన్నినాదో తెలియదు, గట్టిగా తగిలినది.

కావున పై అర్జీలో కోరిన పత్రము గానీ, ఉత్తర్వు గానీ ఇప్పుడు అక్కరలేదు. అయినను రాసినది చింపుట అలవాటు లేక యథాతథముగా పంపుచున్నాను. తమ ఇన్వర్డు రిజిస్టరులో నెంబరు వేసి రశీదు ఇప్పించిన చాలును. రశీదు పంపవలసిన చిరునామా పైదే గానీ, ఈ నెలాఖరు వరకు ఇల్లు తాళము వేసియుండిన యెడల, ఎదురుగా కాశమ్మ గారి ఇంట్లో ఇవ్వవలసినదిగా పోస్టుమాన్‌కు చెప్పియున్నాను. నేను అక్కడే ఉందును.

ఉత్తర్వు లేకుండా చేయి ఇచ్చినందుకు మన్నించగలరు.

ఏబేలు